ఆల్జినేట్ ఇంప్రెషన్ నుంచి గట్టి స్టోన్ కాస్ట్ పోయడం ఎలా?

నోట్లో ఆల్జినేట్ అనే జెల్ పదార్థంతో తీసే పళ్ల అచ్చే ఇంప్రెషన్; అందులో స్టోన్ అనే పొడిని నీటితో కలిపి పోస్తే వచ్చే గట్టి పళ్ల నమూనా కాస్ట్. ఆ కాస్ట్ మీద గుళ్లలు ఎందుకు లేస్తున్నాయి? పళ్ల కొనలు సుద్దలా ఎందుకు రాలిపోతున్నాయి? కాస్ట్ మీద చక్కగా కూర్చున్న కట్టుడు పళ్ల ప్లేటు పేషెంటు నోట్లో ఎందుకు కూర్చోవడం లేదు? బీడీఎస్ రెండో ఏడు విద్యార్థులు, క్లినిక్‌లలో కొత్తగా చేరిన సహాయకులు, చిన్న ల్యాబ్‌లు నడుపుకునేవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కంపెనీ మారిస్తే సమస్య తీరుతుందని చాలామంది అనుకుంటారు. నా అంచనాలో ఈ లోపాల్లో ఎక్కువ భాగానికి కారణం కంపెనీ కాదు. నీటి కొలత, నీటి వేడి, గడియారం అనే మూడింటి విషయంలో చూపే అశ్రద్ధ.

ఈ పద్ధతి కొన్ని పళ్లకు బదులు పెట్టే పాక్షిక కట్టుడు పళ్ల కోసం తీసే అచ్చులకు, స్టడీ మోడళ్లకు, ఆర్థోడాంటిక్ (పళ్ల వరస సరిచేసే) మోడళ్లకు సరిపోతుంది. నోట్లో ఇంప్రెషన్ తీయడం డెంటిస్టు పని. సహాయకులు కలపడం, పోయడం వరకు చేస్తారు. విద్యార్థులు ముందుగా టైపోడాంట్ (కృత్రిమ పళ్ల నమూనా) మీద చేయి కుదిరాకే పేషెంటు దగ్గరకు వెళ్లాలి.

కావలసినవి

ఆల్జినేట్ పొడి, టైప్ 3 డెంటల్ స్టోన్, ఒక గ్రాము తేడాను చూపగల తూకం యంత్రం, మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసు, థర్మామీటరు, సెకన్లు చూపే గడియారం, ఇంప్రెషన్ తీసే రంధ్రాల ట్రేలు, ట్రే అడ్హెసివ్ (జిగురు), మైనం, స్టోన్‌ను అదిరించే వైబ్రేటర్, జిప్ కవర్లు, సోడియం హైపోక్లోరైట్, గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు.

రబ్బరు బౌళ్లు, స్పాట్యులాలు (కలిపే పలకలు) రెండేసి ఉండాలి: ఆల్జినేట్‌కు ఒక జత, స్టోన్‌కు ఇంకో జత. దీనిని శుభ్రతకు సంబంధించిన పట్టింపుగా మాత్రమే తీసుకోకండి. బౌలు గోడకు అంటుకున్న పాత జిప్సం (గట్టిపడిన స్టోన్) పొట్టు ఆల్జినేట్‌ను తొందరగా గట్టిపడేలా చేస్తుంది. మిగిలిపోయిన ఆల్జినేట్ ముక్క స్టోన్ గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది. ఒకే బౌలు వాడే చోట రెండు పదార్థాలూ పాడవుతాయి.

ఈ మాత్రం సిద్ధాంతం చాలు

ఆల్జినేట్ పొడిలో గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసిన సోడియం లేదా పొటాషియం ఆల్జినేట్, కాల్షియం సల్ఫేట్, సోడియం ఫాస్ఫేట్, వాటితో పాటు పూరకంగా డయటమేషియస్ ఎర్త్ (సిలికా మట్టి) ఉంటాయి. నీరు తగలగానే కాల్షియం ముందు ఫాస్ఫేట్‌తో కలుస్తుంది. ఫాస్ఫేట్ అయిపోయేదాకా మీకు పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ తరువాత కాల్షియం ఆల్జినేట్‌తో కలిసి, మళ్లీ ద్రవంగా మారని జెల్ తయారవుతుంది. ఇది రసాయన చర్య కాబట్టి నీరు వెచ్చగా ఉంటే త్వరగా, చల్లగా ఉంటే నెమ్మదిగా జరుగుతుంది. జెల్‌లో అత్యధిక భాగం నీరే కాబట్టి గాలిలో వదిలేస్తే ముడుచుకుంటుంది, నీళ్లలో వదిలేస్తే ఉబ్బుతుంది.

స్టోన్ అంటే కాల్షియం సల్ఫేట్ హెమీహైడ్రేట్. 100 గ్రాముల పొడి పూర్తిగా గట్టిపడటానికి రసాయనికంగా అవసరమయ్యే నీరు 18.6 మిల్లీలీటర్లే. కలపడానికి వీలుగా ఉండాలని మనం అంతకంటే ఎక్కువ పోస్తాం; ఆ అదనపు నీరు తరువాత ఆవిరై, తానున్న చోట రంధ్రాలను మిగిలిస్తుంది. 100 గ్రాములకు 30 మిల్లీలీటర్లు పోస్తే అదనం 11.4; చేతి లెక్కన 45 పోస్తే 26.4, అంటే రెట్టింపుకు మించి. కాస్ట్ పెళుసుగా రావడానికి ఇంతకంటే కారణం వెతకనక్కరలేదు.

మొదటి భాగం: ఇంప్రెషన్

1. నీటి వేడిని చూసుకోండి. 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు ఈ హద్దును ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఆ నీటితో కలిపితే ట్రే నోట్లోకి వెళ్లకముందే పదార్థం బిగుసుకుంటుంది. ఒక సీసా నీటిని ఫ్రిజ్‌లో ఉంచి, మామూలు నీటిలో కొద్దికొద్దిగా కలుపుతూ థర్మామీటరుతో 20 డిగ్రీలకు తెచ్చుకోండి. బౌలు, స్పాట్యులా వేడెక్కి ఉంటే వాటినీ చల్లటి నీటితో కడగండి. బోరు నీటిలో ఖనిజ లవణాలు ఎక్కువగా ఉండే ఊళ్లలో డిస్టిల్డ్ వాటర్ వాడటం మేలు, ఎందుకంటే ఆ లవణాలు గట్టిపడే సమయాన్ని మార్చేస్తాయి.

2. పొడిని తూచండి. డబ్బాలో పొడి నిల్వ ఉన్నకొద్దీ అడుగున బిగుస్తుంది. అందుకే డబ్బాను మూతతో సహా తలకిందులుగా ఒకటి రెండుసార్లు తిప్పి, దుమ్ము అణిగేదాకా ఆగి మూత తీయండి. ఆ దుమ్ములోని సిలికా రేణువులు ఊపిరితిత్తులకు మంచివి కావు కాబట్టి మాస్కు తప్పనిసరి. సాధారణంగా 40 మిల్లీలీటర్ల నీటికి 15 గ్రాములకు అటూ ఇటూగా పొడి పడుతుంది. మీ ప్యాకెట్ మీద రాసిన నిష్పత్తినే ప్రమాణంగా తీసుకోండి. తూకం లేకపోతే కంపెనీ ఇచ్చిన స్కూపునే వాడండి, కానీ నొక్కి నింపకుండా, అంచుకు సమంగా స్పాట్యులాతో గీసి కొలవండి. ఒక కంపెనీ స్కూపుతో ఇంకో కంపెనీ పొడిని కొలవకండి.

3. ట్రేను ఎంచుకోండి. ట్రేకూ పళ్లకూ మధ్య అన్ని వైపులా కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పలుచగా ఉన్న చోటే ఆల్జినేట్ చిరుగుతుంది. చివరి మోలార్ (నమిలే వెనక పన్ను) దాకా ట్రే అందకపోతే మైనంతో పొడిగించండి. అడ్హెసివ్ రాస్తే అది ఆరేదాకా ఆగాలి. తడిగా ఉండగా పదార్థం నింపితే పట్టు ఉండదు.

4. నోటిని సిద్ధం చేయండి. పేషెంటు నిటారుగా కూర్చుని నీటితో పుక్కిలించాలి. చిక్కటి లాలాజలాన్ని గాజుగుడ్డతో తుడవండి, అయితే పళ్లను గాలితో పూర్తిగా ఆరబెట్టకండి. ఎండిన ఎనామెల్‌కు ఆల్జినేట్ అతుక్కుని, తీసేటప్పుడు చిరుగుతుంది. కదిలే పళ్లు, బ్రిడ్జి కింది ఖాళీలు, ఆర్థో బ్రాకెట్లు ఉంటే ముందుగానే మైనంతో మూయండి. డోకు వచ్చే పేషెంటయితే కింది దవడతో మొదలుపెట్టి, ముక్కుతో ఊపిరి పీల్చుకుంటూ తల కాస్త ముందుకు వంచమనండి.

5. కలపండి. బౌలులో ముందు నీరు, తరువాత పొడి. మొదట మెల్లగా తడిపి, పొడి మొత్తం నానిన తరువాత బౌలును తిప్పుతూ స్పాట్యులాతో గోడకు గట్టిగా రాసి, ఎనిమిది అంకె ఆకారంలో వేగంగా కలపండి. గోడకు రాస్తే బుడగలు నలిగిపోతాయి. గిలక్కొట్టినట్టు కలిపితే కొత్త బుడగలు చేరుతాయి. 45 సెకన్ల నుంచి ఒక నిమిషం చాలు. నునుపుగా, మెరుస్తూ, స్పాట్యులాను పైకెత్తినా జారిపోకుండా ఉంటే కలవడం పూర్తయినట్టు. గరుకుగా ఉంటే సరిగా కలవలేదని అర్థం. నిమిషం దాటి కలుపుతూనే ఉంటే అప్పుడే ఏర్పడుతున్న జెల్ తెగి బలం తగ్గుతుంది. ఫాస్ట్ సెట్ రకం 1 నుంచి 2 నిమిషాల్లో, నార్మల్ సెట్ రకం 2 నుంచి 4.5 నిమిషాల్లో జెల్ అవుతుంది. చేయి తిరగనివారు నార్మల్ సెట్‌నే తీసుకోవాలి.

6. ట్రే నింపి పెట్టండి. స్పాట్యులాతో పెద్ద ముద్దలుగా తీసుకుని, ట్రే అడుగుకు నొక్కుతూ నింపి, పైభాగాన్ని తడి వేలితో నునుపు చేయండి. కొద్దిగా ఆల్జినేట్‌ను వేలితో తీసుకుని పళ్ల గుంటల్లో ముందే రాస్తే అక్కడ గాలి చిక్కుకోదు. పై దవడకు ట్రే వెనక భాగాన్ని ముందు అంగిలికి ఆనించి, తరువాత ముందు భాగాన్ని ఎత్తండి. అలా చేస్తే పదార్థం గొంతు వైపు కాకుండా ముందుకు ప్రవహిస్తుంది.

7. కదలకుండా పట్టుకోండి. ఆల్జినేట్ జెల్ అవుతున్న సమయంలో ట్రే కదిలితే లోపల ఒత్తిడి నిలిచిపోయి, నోటి నుంచి తీశాక ఇంప్రెషన్ వంకరపోతుంది. ఈ వంకర కంటికి కనిపించదు, ప్లేటు బిగించిన రోజున బయటపడుతుంది. బౌలులో మిగిలిన ముద్దను చూసి సెట్ అయిందని నిర్ణయించకండి. నోరు వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడి వేగం వేరు. ట్రే అంచు దగ్గర వేలితో నొక్కి చూడండి: జిగట లేకుండా, గుర్తు నిలవకుండా వెనక్కి రావాలి. అలా వచ్చిన తరువాత ఇంకో 2 నుంచి 3 నిమిషాలు ఆగండి. జెల్ అయిన తరువాతి మొదటి నాలుగు నిమిషాల్లో ఆల్జినేట్ బలం సుమారు రెట్టింపవుతుంది. తొందరపడి తీసేవారు ఆ బలాన్ని వదులుకున్నట్టే.

8. ఒక్క లాగుతో తీయండి. పెదవిని పక్కకు తొలగించి, అంచు దగ్గర వేలితో గాలి దూరేలా చేసి, పళ్ల నిలువు దిశలో చటుక్కున లాగండి. పేషెంటుకు నొప్పి కలుగుతుందేమోనని అటూ ఇటూ ఊపుతూ మెల్లగా తీయడం చాలామంది చేసే పని. ఆల్జినేట్ ఎంతసేపు సాగదీయబడి ఉంటే అంత ఎక్కువగా శాశ్వతంగా వంగిపోతుంది. ఒక్క క్షణం మాత్రమే సాగితే దాదాపు పూర్తిగా పూర్వ ఆకారానికి వస్తుంది, చిరగడమూ తక్కువ.

9. కడిగి, క్రిమిరహితం చేయండి. కుళాయి నీటిలో లాలాజలం, రక్తం పోయేదాకా కడగండి. ఈ రెండూ స్టోన్ గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి. పళ్ల అంచులు మెత్తగా రావడానికి ఒక ముఖ్య కారణమిదే. లాలాజలపు జిగురు వదలకపోతే కాస్త స్టోన్ పొడి చల్లి, మెత్తటి బ్రష్‌తో రుద్ది కడగండి. తరువాత సుమారు 5 శాతం గాఢత గల హైపోక్లోరైట్ ఒక భాగానికి తొమ్మిది భాగాల నీరు కలిపి, దానిని ఇంప్రెషన్ మీద స్ప్రే చేసి జిప్ కవరులో 10 నిమిషాలు ఉంచి, మళ్లీ కడగండి. ద్రావణంలో ముంచి మరచిపోతే ఆల్జినేట్ ఉబ్బుతుంది.

10. వెంటనే పోయండి. క్రిమిరహితం చేసే సమయంతో కలిపి 15 నిమిషాల్లోపు స్టోన్ పడాలని లెక్క పెట్టుకోండి. ఆలస్యం తప్పకపోతే నీరు కారకుండా పిండిన తడి గుడ్డను జిప్ కవరులో వేసి, అందులో ఇంప్రెషన్ ఉంచండి. అది కూడా గంటకు మించకూడదు. తేమ నిండుగా ఉన్నా జెల్ తనంతట తానే నీటిని వదులుతూ ముడుచుకుంటుంది. ఇంప్రెషన్‌ను బల్ల మీద బోర్లించకండి. వెనక అంచులు బరువుకు వంగిపోతాయి.

క్లినిక్ ఒక చోట, ల్యాబ్ ఇంకో చోట ఉన్నప్పుడు ఇంప్రెషన్‌ను ఆటోలో పంపడం మామూలే. దానికన్నా క్లినిక్‌లోనే స్టోన్ పోసి కాస్ట్‌ను పంపడం అన్ని విధాలా నయం. అలా కుదరదంటే, రోజుల తరబడి కొలత నిలుపుకుంటుందని తయారీదారు స్పష్టంగా రాసిన ఆల్జినేట్‌ను కొనుక్కోండి.

రెండవ భాగం: కాస్ట్

11. స్టోన్ తూచండి. టైప్ 3 స్టోన్‌కు 100 గ్రాములకు 28 నుంచి 30 మిల్లీలీటర్ల నీరు. మామూలు ప్లాస్టర్‌కు 45 నుంచి 50, టైప్ 4 డై స్టోన్‌కు 22 నుంచి 24. ఒకదాని కొలత ఇంకోదానికి వాడకండి. నీటిలో పొడిని చల్లుతూ వేసి, అరనిమిషం నాననిచ్చి, తరువాత ఒక నిమిషం కలపండి. వాక్యూమ్ మిక్సర్ ఉంటే 20 నుంచి 30 సెకన్లు చాలు. మిశ్రమం ఇడ్లీ పిండిలా చిక్కగా ఉండి, వైబ్రేటర్ మీద పెట్టినప్పుడే కదలాలి. దానంతట అదే కారుతోందంటే నీరు ఎక్కువైంది. ఆ స్థితిలో ఇంకో చెంచా పొడి వేయాలనిపిస్తుంది, వేయకండి. వేరు వేరు సమయాల్లో గట్టిపడే రెండు భాగాలు ఒకే కాస్ట్‌లో చేరతాయి. పారేసి మళ్లీ కలపడమే మార్గం.

12. ఇంప్రెషన్‌లోని నీటిని తీసేయండి. పళ్ల గుంటల్లో నిలిచిన నీటిని దులిపి, టిష్యూ కొనతో అద్దండి. ఉపరితలం తడిగా కనిపించాలి గాని నీటి చుక్క ఉండకూడదు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెడితే ఆల్జినేట్ ముడుచుకుంటుంది.

13. ఒక మూల నుంచే పోయండి. ట్రేను వైబ్రేటర్ మీద తక్కువ వేగంలో ఆనించి, ఒక వైపు చివరి మోలార్ వెనక, శనగగింజంత స్టోన్ వేయండి. అది ఒక పంటి గుంటలోకి దిగి, అడుగు నిండి, పక్క పంటిలోకి జారడం కంటితో చూడండి. అలా గాలిని తన ముందు నెట్టుకుంటూ స్టోన్ రెండో చివరికి చేరాలి. తరువాతి ముద్దలు కూడా అదే మూల నుంచి వేయాలి. మధ్యలో వేస్తే రెండు వైపుల నుంచి వచ్చిన స్టోన్ మధ్య గాలి చిక్కుకుంటుంది, అది సరిగ్గా ఏదో ఒక పంటి కొన దగ్గరే చిక్కుకుంటుంది. పళ్లన్నీ నిండాక పెద్ద ముద్దలు వేయవచ్చు.

14. వెంటనే బోర్లించకండి. స్టోన్ మెరుపు పోకముందే తలకిందులు చేస్తే నీరు, గాలి పైకి చేరతాయి. బోర్లించినప్పుడు పైన ఉండేది పళ్ల భాగమే కాబట్టి కాస్ట్‌లో అతి ముఖ్యమైన చోటే మెత్తబడుతుంది. పైభాగంలో గరుకు ముద్దలు వదిలి, స్టోన్ బిగిశాక వాటిని తడిపి, రెండో విడతగా బేస్ (కాస్ట్ అడుగు దిమ్మ) పోయండి. కింది దవడ అయితే నాలుక ఉండే చోట స్టోన్ ట్రేను కప్పేయకుండా చూసుకోండి.

15. 45 నుంచి 60 నిమిషాల తరువాత విడదీయండి. స్టోన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. చేయి పెట్టి, ఆ వేడి తగ్గాకే విడదీయండి. ముందుగా ట్రే అంచుకు అంటిన స్టోన్‌ను కత్తితో చెక్కి, నిటారుగా పైకి లాగండి. రాత్రి వదిలేసి తెల్లవారి తీద్దామనుకోకండి. ఎండిపోతున్న ఆల్జినేట్ కాస్ట్ ఉపరితలాన్ని పాడుచేస్తుంది, బిగుసుకుని సన్నటి పళ్లను విరిచేస్తుంది.

16. ట్రిమ్ చేసే (అంచులు అరగదీసే) ముందు కాస్ట్‌ను నానబెట్టాల్సి వస్తే కుళాయి నీటిలో నానబెట్టకండి. లీటరు నీటిలో రెండున్నర గ్రాముల దాకా జిప్సం కరుగుతుంది; కరిగేది మీ కాస్ట్ మీది సన్నటి గీతలే. పాత కాస్ట్ ముక్కలు వేసి ఉంచిన నీటిలో జిప్సం ముందే నిండుగా కరిగి ఉంటుంది, ఆ నీరు వాడండి.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

కొత్త డబ్బా తెరిచినప్పుడు నాణెం పరీక్ష చేయండి. నాణేన్ని కడిగి, దాని మీద ఆల్జినేట్ నొక్కి, ఆ అచ్చులో స్టోన్ పోయండి. అంచు గీతలు, అక్షరాల మూలలు పదునుగా రావాలి. అక్షరాలు గుండ్రంగా, పొడిపొడిగా వస్తే పేషెంటు దగ్గరకు ఆ డబ్బాతో వెళ్లకండి. అదే సమయంలో 20 డిగ్రీల నీటితో ఎంతసేపట్లో జెల్ అయిందో డబ్బా మీద రాసుకుంటే, నెలల తరువాత పొడి చెడిందో లేదో పోల్చుకోవచ్చు.

గంట తరువాత కాస్ట్ అడుగు భాగాన్ని గోటితో గీయండి. తడి స్టోన్ మీద సన్నని గీత పడవచ్చు గాని పొడి రాలకూడదు. ఎండిన స్టోన్ బలం తడి స్టోన్ బలానికి రెట్టింపు గాని, అంతకు మించి గాని ఉంటుంది. అందుకే బరువు పనులు మరునాటికి పెట్టుకోండి. ఆరిందా లేదా అన్నది తూకమే చెబుతుంది: వరుసగా రెండుసార్లు తూచినా బరువు తగ్గకపోతే ఆరినట్టే. తొందరగా ఆరాలని 55 డిగ్రీలు దాటిన వేడిలో పెట్టకండి, జిప్సంలోని నీరు పోయి కాస్ట్ బలహీనపడుతుంది.

కొలతకు వెర్నియర్ కాలిపర్స్ వాడండి. రెండు వైపులా మొదటి మోలార్ల మీద ఒకే కొనను ఎంచుకుని, నోట్లో ఎంత దూరముందో కాస్ట్ మీద కూడా అంతే ఉందో లేదో చూడండి. తేడా కనిపిస్తే ట్రే కదిలి ఉండాలి, లేదా పోయడం ఆలస్యమై ఉండాలి.

కాస్ట్‌ను చూసి తప్పును పట్టుకోవడం

మొదట చూడవలసింది ఒక్కటే: కాస్ట్ మీద ఉన్నది గుళ్లా, గుంటా? పైకి పొడుచుకు వచ్చిన గుండ్రటి గుళ్ల ఉంటే ఆల్జినేట్‌లో గాలి బుడగ ఉండి, దానిలో స్టోన్ నిండిందని అర్థం. 5, 6 దశలను సరిచేసుకోండి. గుంట ఉంటే స్టోన్ పోసేటప్పుడు గాలి చిక్కింది; తప్పు 11, 13 దశల్లో ఉంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది వైబ్రేటర్ లోపాన్ని ఆల్జినేట్ కంపెనీ మీద తోస్తారు. గుండ్రంగా కాకుండా అడ్డదిడ్డంగా ఉన్న గుళ్ల అయితే నోట్లో మిగిలిన లాలాజలమో, ఆహారపు తునకో కారణం.

ఉపరితలం సుద్దలా రాలుతుంటే అనుమానాలు వరుసగా ఇవి: ఇంప్రెషన్‌లో నీరు నిలిచింది, లాలాజలం సరిగా కడగలేదు, స్టోన్‌లో నీరు ఎక్కువైంది, మరీ ముందుగానో మరీ ఆలస్యంగానో విడదీశారు. ఆల్జినేట్ చిరిగితే పలుచటి పొర, తొందరగా తీయడం, అతిగా కలపడం అనే మూడింటినీ చూడండి. పంటి కొన విరిగితే అతికించి వాడటం స్టడీ మోడల్‌కు పరవాలేదు. ప్లేటు తయారు చేయవలసిన కాస్ట్ అయితే కొత్త ఇంప్రెషన్ తీయాలి. పాత ఇంప్రెషన్‌లోనే మళ్లీ స్టోన్ పోస్తే అప్పటికే అది ముడుచుకుని ఉంటుంది.

క్రౌన్, బ్రిడ్జి పనులకు ఆల్జినేట్ వాడకండి. 50 మైక్రోమీటర్ల గీతను చూపించడం దీనికి ప్రమాణం. క్రౌన్ అంచుకు ఆ సూక్ష్మత చాలదు, పోయడం ఆలస్యమైతే కొలతా నిలవదు. అక్కడ అడిషన్ సిలికోన్ (రబ్బరులాంటి అచ్చు పదార్థం), టైప్ 4 స్టోన్ వాడాలి.

నిల్వ

ఆల్జినేట్ పొడికి వేడి, తేమ రెండూ శత్రువులే. 65 డిగ్రీల వేడిలో నెల రోజులు ఉన్న పొడి పనికిరాదు. మే నెలలో రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన కారు డిక్కీలోనో వదిలేసిన డబ్బా ఆ దారిలో ఉన్నట్టే. స్టోన్ బస్తా మూతి విప్పి వదిలితే గాలిలోని తేమకు మొదట్లో మరీ త్వరగా గట్టిపడుతుంది, ఇంకా చెడాక ఎంతకీ గట్టిపడదు. బస్తాను గాలి చొరబడని డబ్బాల్లోకి మార్చి, పొడి స్పూనుతోనే తీయండి. డబ్బా మీద తెరిచిన తేదీ వేసి, పాతది ముందు అయిపోయేలా వాడండి. ఆల్జినేట్‌ను ఏడాదికి సరిపడా కాక, రెండు మూడు నెలలకు సరిపడా మాత్రమే కొనండి.